గృహమున పొదుపు

పొదుపనగా కడుపు కట్టుకొనుట గాదు, వ్యర్థమును మానుట. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల గృహస్థులు దీనిని రెండు చోట్ల నారంభింపవచ్చును.

మొదటిది సంత. 1999లో ఆరంభమైన రైతుబజార్లలో రైతు దళారి లేకయే విక్రయించును. సరూర్‌నగర్ రైతుబజారునకు పోయినపుడు ముందు ధరల పట్టికను చదివి, పిమ్మట సంచి తెఱువుడు.

రెండవది విద్యుత్తు మీటరు. 75 వాట్ల పంకా యెవరును లేని గదిలో దినమునకు 3 గంటలు తిరిగినచో, 30 దినములకు 6.75 యూనిట్లు వ్యర్థమగును. 2024 మార్చి మొదలు తెలంగాణమున గృహజ్యోతికి అర్హమగు కుటుంబము మాసమునకు 200 యూనిట్లు మించనిచో రుసుము లేదు. మించినచో ఆ మాసపు బిల్లంతయు చెల్లింపవలెను. 195 యూనిట్లతో సరిపోవలసిన యింట ఈ పంకా యొక్కటియే ఆ మేలును పోగొట్టును.

బాలబాలికలారా! ప్రతి ఆదివారము మీటరు అంకెను పుస్తకమున వ్రాయుడు. గది విడుచునపుడు పంకా నాపుడు. తల్లిదండ్రులకు మీరు చేయదగిన సాయమిది.