స్నానాలగదిలో విద్యుద్రక్షణ

హీటరు పైలోహమునకు విద్యుత్తు సోకినచో దానిని భూమిలోనికి కొనిపోవునది ఎర్తు తీగ. కాని కర్నూలు, కడప ప్రాంతములలో ఎండలకు ఎర్తు గుంటలోని మన్ను ఎండి, దాని నిరోధము పెరుగును. అది 46 ఓములైనదనుకొందము. అప్పుడు 230 వోల్టులకు 5 ఆంపియర్లే ప్రవహించును. 16 ఆంపియర్ల ఫ్యూజు కరగదు. లోహముపై విద్యుత్తు అట్లే నిలిచియుండును. తడిచేతితో తాకిన మనుష్యునకు 30 మిల్లీ ఆంపియర్లే ప్రమాదకరము.

ఇచ్చట ఆదుకొనునది ఆర్.సి.సి.బి. విద్యుత్తు వచ్చు తీగయు, తిరిగిపోవు తీగయు ఇందులో ఒకే ఇనుప వలయముగుండా పోవును. రెండింటి ప్రవాహములు సమానమైనచో వాటి అయస్కాంత ప్రభావములు పరస్పరము రద్దగును. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినచో సెకనులో మూడవవంతులోపలనే మీట పడిపోవును.

అయినను ఎర్తు తీగ అక్కరలేదనుకొనరాదు. అది లేనిచో ఎవరికైనను షాకు తగిలిన పిదపనే మీట పడును. ఉన్నచో ముందుగనే పడును. కనుక వేసవిలో గుంటకు నీరు పోయవలెను. నెలకొకసారి ‘టి’ గుర్తు గల బొత్తామును నొక్కి పరీక్షింపవలెను.