ఇటుక తాగిన నీళ్ళు గడ్డకడితే?

గోడ కట్టబోయే ముందు తాపీ మేస్త్రీ ఇటుకలను నీళ్ళతొట్టిలో వేయడం మీరు చూసే ఉంటారు. వేసిన వెంటనే బుడబుడమని గాలిబుడగలు పైకి వస్తాయి. చాలాసేపటికి గాని ఆగవు. అప్పుడు ఇటుకను తీసి తూచండి. పొడిగా ఉన్నప్పుడు 3 కిలోలున్న ఇటుక ఇప్పుడు 300 గ్రాములో, అంతకంటే ఎక్కువో అదనంగా తూగుతుంది. గాలి ఖాళీచేసిన చోట్లకు నీరు చేరిందన్నమాట. కంటికి రాయిలా కనిపించే ఇటుక లోపల వెంట్రుకకన్నా సన్నని దారులు లెక్కలేనన్ని ఉన్నాయి.

మన ఊళ్ళలో వాన వెలిశాక నాలుగు రోజుల ఎండకు ఈ నీరు ఆరిపోతుంది. ఇదే ఇటుక అమెరికాలోని చికాగో నగరంలో ఒక ఇంటి కప్పుమీద ఉందనుకోండి. అక్కడ శీతకాలంలో నీరు గడ్డకట్టడం రోజూ జరిగే పనే. 1985 జనవరి 20న ఆ నగరంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన దాదాపు 33 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఇటుక తాగిన నీరు ఆరడానికి వ్యవధి లేక ఇటుకలోనే గడ్డకడుతుంది. ఆ దెబ్బ ఇంటి మొత్తంలో ముందుగా తగిలేది పొగగొట్టానికి. అక్కడి వాళ్ళు దాన్ని చిమ్నీ అంటారు.

చిమ్నీ అంటే మనకు లాంతరు గ్లాసు గుర్తుకొస్తుంది. రెండూ చేసే పని ఒకటే. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, దాని స్థానంలోకి కిందినుంచి కొత్త గాలి వస్తుంది. చలిదేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచే కొలిమి, స్నానాల నీళ్ళు కాచే హీటరు వదిలే వాయువులు ఈ గొట్టం గుండానే బయటకు పోవాలి. 1871 అక్టోబరులో జరిగిన ఘోర అగ్నిప్రమాదంలో చికాగోలోని చాలా భాగం తగలబడిపోయింది. ఆ తర్వాత నగరంలో ఇటుక కట్టడాలు విపరీతంగా పెరిగాయి. చుట్టుపక్కల దొరికే బంకమన్నుతోనే ఇటుకలు కాల్చారు. వీధివైపు గోడకు ఖరీదైన ఇటుక వాడి, పక్కగోడలకు, వెనకగోడకు, పొగగొట్టానికి ఈ చవక ఇటుక వాడేవారు. దానికి ‘చికాగో కామన్ బ్రిక్’ అని పేరు. అది కాస్త మెత్తన, నీళ్ళు బాగా తాగుతుంది.

ఇంటిగోడకు ఒకవైపే చలి. రెండోవైపు వెచ్చని గది ఉంటుంది. కప్పు దాటి పైకి లేచిన పొగగొట్టానికి ఆ అండ లేదు. నాలుగు పక్కలా గాలి, వాన, మంచు. నెత్తిన మరో దెబ్బ.

తొమ్మిది శాతం

ద్రవాలు చాలావరకు గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోతాయి. నీరు మాత్రం వ్యాకోచిస్తుంది. 100 ఘనపు సెంటీమీటర్ల నీరు గడ్డకడితే దాదాపు 109 ఘనపు సెంటీమీటర్ల మంచు అవుతుంది. నీళ్ళు నిండా పోసి బిరడా బిగించిన గాజుసీసా ఫ్రిజ్ పైఅరలో పగిలిపోవడానికి కారణం ఇదే. కదలడానికి చోటే లేకుండా బంధిస్తే, సున్నాకు దిగువన 22 డిగ్రీల వద్ద గడ్డకట్టే నీరు సుమారు 2000 అట్మాస్ఫియర్ల పీడనం కలిగించగలదు. ఇటుకలో పీడనం అంతదాకా పెరగదు. అంతకు చాలాముందే ఇటుక పగులుతుంది. ఎంత బరువు మోపినా ఓర్చుకునే ఇటుక, లోపలినుంచి చీల్చే బలానికి తట్టుకోలేదు.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఇటుక రంధ్రాలలో సగమే నీరుంటే, మంచు పెరిగినా మిగతా సగం ఖాళీయే కదా! అవి 100 పాళ్ళలో సుమారు 91 పాళ్ళు నిండినప్పుడు గాని చిక్కు రాదు. 91కి దాని 9 శాతం కలిపి చూడండి, దాదాపు 100 అవుతుంది. అంటే తడిసిన ఇటుకకూ, నానిపోయిన ఇటుకకూ మధ్య తేడా ప్రాణాంతకమైనది. పొడి ఇటుకను ఎంత చలిలో పెట్టినా దానికేమీ కాదు.

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది. స్టీఫెన్ టేబర్ అనే అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు 1929, 1930లలో ప్రచురించిన ప్రయోగాలు దీన్ని కొంచెం తిరగరాశాయి. చలికి నేల ఉబ్బడం మీద ఆయన పరిశోధించాడు. మట్టిని నీటికి బదులు బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే కుంచించుకుపోతుంది. అయినా మట్టి ఉబ్బింది! ఎందుకు? గడ్డకట్టడం మొదలైన చోటుకు చుట్టుపక్కల సన్నని దారుల్లోంచి ద్రవం పాకుతూ వచ్చి చేరుతుంది, గడ్డ పొరపొరలుగా పెరుగుతుంది. రాళ్ళు పగలడంలోనూ ఈ పద్ధతికి పాత్ర ఉందని తర్వాతి పరిశోధకులు చూపించారు. ఇటుక పైపొర అప్పడంలా లేచి ఊడిపోవడం చూస్తే ఈ పొరల సంగతి బాగా అర్థమవుతుంది.

ఒక్కసారి గడ్డకడితే కనిపించీ కనిపించని బీట పడుతుంది. పగలు మంచు కరిగినప్పుడు ఆ బీటలోకి ఇంకొంచెం నీరు చేరుతుంది. రాత్రి మళ్ళీ గడ్డ. కాబట్టి చలి ఎంత తీవ్రం అన్నదానికన్నా, ఉష్ణోగ్రత సున్నాను ఎన్నిసార్లు దాటింది అన్నది ముఖ్యం. సైబీరియాలోని యాకుత్స్క్‌లో చలి చికాగో చలికన్నా ఎంతో తీవ్రం. కాని అక్కడ గడ్డకట్టిన నీరు నెలల తరబడి కరగకుండా అలాగే ఉంటుంది. చికాగోలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇటుకకు అవే గడ్డు రోజులు.

లోపల కురిసే వాన

పైనుంచి పడే వాన సరే, పొగగొట్టం లోపల కూడా నీరు పుడుతుంది. మీ రసాయనశాస్త్రం పుస్తకం తీయండి. మీథేన్ మండితే కార్బన్ డయాక్సైడ్, నీటిఆవిరి వస్తాయి. 16 గ్రాముల మీథేన్‌నుంచి 36 గ్రాముల నీరు. ఇంటి కొలిమి కాల్చే సహజవాయువులో ముఖ్యభాగం మీథేనే. కిలో మీథేన్ మండితే రెండుంపావు కిలోల నీరు పొగగొట్టం ఎక్కుతుందన్నమాట!

గొట్టం వేడిగా ఉంటే ఆవిరి ఆవిరిగానే పైకి పోతుంది, చల్లబడితే లోపలి గోడమీద నీరుగా దిగుతుంది. ఒకప్పుడు చికాగో ఇళ్ళలో బొగ్గు కాల్చేవారు. పెద్ద మంట, పెద్ద గొట్టం. తర్వాత గ్యాసు కొలిములు వచ్చాయి. ఆ తర్వాత ఇంధనంలోని వేడిని దాదాపు అంతా ఇంట్లోనే పీల్చుకునే కొత్త కొలిములొచ్చాయి. వీటి వాయువులు ఎంత చల్లగా ఉంటాయంటే, ప్లాస్టిక్ గొట్టంతో పక్కగోడలోంచి బయటకు వదిలేస్తారు. అంత పెద్ద పాత పొగగొట్టానికి చివరకు నీళ్ళ హీటరు ఒక్కటే మిగులుతుంది. అక్కడి పనివాళ్ళు దాన్ని ‘అనాథ హీటరు’ అంటారు. దాని కొద్దిపాటి వేడికి గొట్టం వెచ్చబడదు. ఆవిరంతా లోపలే నీరై ఇటుకకు పడుతుంది. ఇంధనం ఆదా చేసిన మంచిపని పొగగొట్టానికి ఇలా చేటు తెస్తుంది. గొట్టం లోపల దాని పరిమాణానికి తగిన సన్నని లోహపు గొట్టం దింపితే ఈ బాధ తగ్గుతుంది.

బొగ్గు పొగలో ఇంకో శత్రువుంది, గంధకం. అది నీటితో కలిసి ఆమ్లమై, గారలోకి ఇంకి సల్ఫేటులవుతుంది. గార ఉబ్బుతుంది. వాన ఎక్కువ కొట్టే వైపు గార ఎక్కువ ఉబ్బడంవల్ల పొగగొట్టం రెండోవైపుకు వంగుతుంది. ఇంగ్లండులో పాత ఇళ్ళమీద వంగిన పొగగొట్టాలు కనిపించడానికి ఇదొక కారణం.

గట్టిదే మంచిదా?

పొగగొట్టం పగుళ్ళు చూడగానే ఎవరికైనా తోచే వైద్యం ఒక్కటే: గట్టి సిమెంటుతో పూడ్చేయడం. ఇదే పాత పొగగొట్టాల పాలిట శాపమయింది.

1824లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రీ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. అయినా 1900కు ముందు కట్టిన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది సున్నం, ఇసుక కలిపిన గార. మన పాత మిద్దెలకు వాడిన డంగుసున్నం దీనికి దగ్గరి చుట్టం. సున్నపుగార మెత్తన. ఎండకు ఇటుక వ్యాకోచిస్తే తాను నలుగుతుంది. ఇటుకలోని తేమ గారలోకి వచ్చి, అక్కడినుంచి గాలిలోకి పోతుంది. గడ్డకట్టినప్పుడు రాలితే గారే రాలుతుంది. యాభై అరవై ఏళ్ళకోసారి రాలిన గారను తీసి కొత్తది పెడితే చాలు, ఇటుక భద్రం.

ఆ సందుల్లో ఇటుకకన్నా గట్టి సిమెంటు కూరితే? నీరు బయటకు వచ్చే దారి మూసుకుపోతుంది. తేమ ఇక ఇటుక ముఖంనుంచే పోవాలి. రాత్రి చలికి అక్కడే గడ్డకడుతుంది. కొన్నేళ్ళకు చూస్తే సిమెంటు గీతలు గూడుకట్టిన చట్రంలా నిలిచి ఉంటాయి, వాటి మధ్య ఇటుకలు మాత్రం గుంటలుపడి ఉంటాయి. గార రాలితే కొత్తది పెట్టుకోవచ్చు. బట్టీలో కాలినప్పుడు ఏర్పడ్డ గట్టి పైపొర ఊడిన ఇటుకకు దాన్ని తిరిగి ఎవరూ తెచ్చి పెట్టలేరు. రంగు వేసినా ఇంతే. తడి లోపల చిక్కుకుపోతుంది. ఏదైనా పూయాలంటే నీటిని అడ్డుకుని ఆవిరిని పోనిచ్చే సిలేన్, సిలాక్సేన్ వంటివే పూయాలి. అదీ మరమ్మతులన్నీ అయ్యాకనే.

మరమ్మతు ఎలా చేస్తారు?

పాత గారను ఉలితో జాగ్రత్తగా తొలుస్తారు. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు తీయాలని అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ చెబుతుంది. సెంటీమీటరు సందయితే రెండున్నర సెంటీమీటర్లన్నమాట. పైపైన మెత్తితే రెండు చలికాలాలు కూడా ఆగదు. కరెంటు రంపంతో కోస్తే పని తొందరగా అవుతుంది, ఇటుక అంచులూ తెగుతాయి. తర్వాత దుమ్ము కడిగి, ఇటుకను కాస్త తడిపి, కొత్త గారను ఒక్కసారిగా కుక్కకుండా 6 మిల్లీమీటర్ల పొరలుగా పెడతారు. బొటనవేలితో నొక్కితే ముద్ర పడనంత గట్టిపడ్డాక తర్వాతి పొర. కొత్తరకం గట్టి ఇటుకలకు 1 పాలు సిమెంటు, 1 పాలు సున్నం, 6 పాళ్ళు ఇసుక సరిపోతుంది. పాత మెత్తని ఇటుకలకు 1:2:9, మరీ పాతవాటికి సిమెంటే లేని సున్నపుగార.

సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని సున్నపురాయిగా మారడానికి వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా గడ్డకడితే పనంతా బూడిదలో పోసినట్లే. అందుకే ఈ పని వసంతంలోనో, వేసవి మొదట్లోనో చేయించుకుంటారు. 5 డిగ్రీలకు దిగువన ఎవరూ తాపీ పట్టరు.

పొగగొట్టం నెత్తిన పెట్టే కాంక్రీటు మూతపలక ఇంకా ముఖ్యం. ఇటుక పని అయ్యాక మిగిలిన గారనే పైన పామేయడం చాలామందికి అలవాటు. అది త్వరగానే బీటలిచ్చి నీటిని లోపలికి దింపుతుంది. సరైన పలక వాలుగా ఉండి, ఇటుకకన్నా 5 సెంటీమీటర్లయినా ముందుకు రావాలి. దాని అడుగున అంచు వెంట చిన్న గాడి ఉండాలి. మన ఇళ్ళ సజ్జాల అడుగున కూడా ఇలాంటి గాడి ఉంటుంది, ఈసారి తలెత్తి చూడండి. నీటిబొట్టు గోడవైపు పాకకుండా ఆ గాడి దగ్గరే కిందకి పడుతుంది.

ఇంత శ్రమ అందం కోసమే అయితే కొందరు మానుకునేవారే. ఊడిన ఇటుక పెచ్చులు గొట్టంలో పడి దారి మూసేస్తే, బయటకు పోవలసిన వాయువులు ఇంట్లోకే వస్తాయి. అందులో కార్బన్ మోనాక్సైడు ఉంటే నిద్రలోనే ప్రాణం పోవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో 2007నుంచి ఇళ్ళలో పడకగదుల దగ్గర ఈ వాయువును పసిగట్టి మోగే గంట ఉండాలని చట్టం ఉంది. పొగగొట్టాన్ని ఏటా ఒకసారి తనిఖీ చేయించాలన్నది అక్కడి అగ్నిప్రమాద నివారణ ప్రమాణం. నిచ్చెన ఎక్కకుండానే ఇంటివాళ్ళు కొంత కనిపెట్టవచ్చు. వాన వెలిశాక అన్నీ ఆరినా ఇంకా నల్లగా కనిపించే ఇటుకలు నీరు పట్టుకున్నవి. తెల్లని ఉప్పు పూత కనిపిస్తే లోపల తడి ఉన్నట్టే. మన సముద్రతీరపు ఊళ్ళలో గోడల అడుగున ఇటుక పొడిపొడిగా రాలేది కూడా ఇలాంటి ఉప్పువల్లనే. అక్కడ మంచు చేసే పని ఇక్కడ ఉప్పు స్ఫటికాలు చేస్తాయి.

మీ ఊరి ఇటుక చికాగో చలికి ఆగుతుందా?

ఇంట్లో పెద్దల సాయంతో తేల్చుకోవచ్చు. ఇటుకను బాగా ఆరబెట్టి తూచండి. 24 గంటలు చన్నీళ్ళలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచండి. తర్వాత నీళ్ళలోనే 5 గంటలు మరగనిచ్చి, ఆ నీళ్ళలోనే చల్లారనిచ్చి తూచండి. మరిగేటప్పుడు మూలమూలల గాలీ పోయి రంధ్రాలు దాదాపు పూర్తిగా నిండుతాయి. చన్నీళ్ళలో పెరిగిన బరువును, మరిగించాక పెరిగిన మొత్తం బరువుతో భాగించండి. ఉదాహరణకు 3 కిలోల ఇటుక మొదట 360 గ్రాములు, చివరకు మొత్తం 480 గ్రాములు తాగితే జవాబు 0.75. తీవ్రమైన చలికి వాడే ఇటుకకు ఈ సంఖ్య సగటున 0.78 మించకూడదని అమెరికా ప్రమాణాల సంస్థ ఎ.ఎస్.టి.ఎం. నియమం. వాన ఎంత నానబెట్టినా, మంచు పెరగడానికి రంధ్రాలలో అంత ఖాళీ మిగలాలన్నమాట. మరిగించాక తాగిన మొత్తం నీరు పొడి బరువులో 17 శాతం మించకూడదని కూడా ఉంది. మన ఉదాహరణలో అది 16 శాతం. ఖంగుమని మోగే ఇటుకనొకటి, సగం కాలిన ఇటుకనొకటి తెచ్చి రెండింటికీ లెక్క కట్టి చూడండి. ఒకే బట్టీనుంచి వచ్చిన ఇటుకల్లో కూడా ఎంత తేడా ఉందో తెలుస్తుంది.