ఫ్లష్ ట్యాంకు కారుతుంటే మార్చవలసింది ఏది?

వెస్టర్న్ కమోడ్ వెనుక ఉండే ఫ్లష్ ట్యాంకులో వాల్వులు రెండు ఉంటాయనీ, వాటి పనులు పూర్తిగా వేరనీ తెలియకపోవడం వల్ల, చెడిన భాగాన్ని వదిలి బాగున్న భాగాన్ని మార్చడం చాలా ఇళ్లలో జరుగుతూ ఉంటుంది. మొదటిది ట్యాంకులోకి నీటిని వదిలే వాల్వు. నీటితో పాటు పైకి తేలే బుడ్డి దీనిని మూసివేస్తుంది కనుక దీనికి ఫ్లోట్ వాల్వు లేదా బాల్ కాక్ అని పేరు. రెండవది ట్యాంకు అడుగున ఉన్న రంధ్రంపై కూర్చుని ఉండి, బటన్ నొక్కినప్పుడు పైకి లేచి, నీటిని ఒక్కుమ్మడిగా కమోడ్‌లోకి వదిలే ఫ్లష్ వాల్వు. దీని కింది అంచుకు రబ్బరుతో గానీ సిలికాన్‌తో గానీ చేసిన ఒక వాషర్ ఉంటుంది. ట్యాంకులో నిలిచిన నీటి బరువే ఆ వాషర్‌ను రంధ్రపు అంచుకు అదిమి, నీరు జారకుండా ఆపుతుంది.

రాత్రింబవళ్లు నీటి అడుగునే ఉండి నీటిని ఆపవలసి రావడమే ఈ ఏర్పాటులోని బలహీనత. పూర్వం గోడపై ఎత్తున బిగించి గొలుసు లాగే ఇనుప ట్యాంకుల్లో సాధారణంగా ఉండే సైఫన్‌కు ఈ ఇబ్బంది లేదు. అందులో నీరు తన మట్టం కంటే ఎత్తుగా ఉన్న ఒక వంపును దాటితే తప్ప బయటికి పోలేదు కనుక, అరిగిపోయి కారే వాషర్ అంటూ అడుగున ఉండేది కాదు. నీటి వృథాకు వెరచి బ్రిటన్ చాలాకాలం సైఫన్‌నే తప్పనిసరి చేసి, 1999 నాటి నిబంధనల మేరకు 2001 జనవరి 1 నుంచి మాత్రమే వాల్వు రకాన్ని అనుమతించింది. అయితే ఆస్ట్రేలియాలో కరోమా సంస్థకు చెందిన బ్రూస్ థాంప్సన్ 1980లో రూపొందించిన రెండు బటన్ల పద్ధతి క్రమంగా చాలా దేశాలకు పాకింది. ఇప్పుడు మన ఇళ్లలో విరివిగా కనిపించే ట్యాంకులు పెద్ద బటన్‌కు 6 లీటర్లు, చిన్న బటన్‌కు 3 లీటర్లు వదులుతాయి. వాషర్ సరిగా అతుక్కోకపోతే ఈ పొదుపంతా వ్యర్థమే: నిమిషానికి 100 మిల్లీలీటర్లు, అంటే ఓ చిన్న టీ గ్లాసుడు నీరు జారినా, రోజుకు 144 లీటర్లు, అంటే చిన్న బటన్‌ను 48 సార్లు నొక్కినంత నీరు పోతుంది. పైగా చప్పుడుండదు.

కమోడ్‌లోకి నీరు సన్నగా దిగుతున్నంత మాత్రాన తప్పు ఫ్లష్ వాల్వుదే అనుకోకూడదు. ట్యాంకు నిండిన తరువాత, గోడ దగ్గర ఉండే యాంగిల్ కాక్‌ను కట్టి, నీటి మట్టం వద్ద పెన్సిలుతో గీత గీసి, ఒక గంట ఆగి చూడాలి. మట్టం గీత కిందికి దిగుతూనే ఉంటే లోపం ఫ్లష్ వాల్వులో ఉన్నట్టు. అలా కాక, ట్యాంకు మధ్యలో నిలబడి ఉండే ఓవర్‌ఫ్లో గొట్టపు అంచు వరకూ దిగి అక్కడ ఆగిపోతే, ఫ్లోట్ వాల్వు సరిగా మూసుకోక, అదనపు నీరు ఆ గొట్టంలోంచి పోతున్నట్టు.

లోపం ఫ్లష్ వాల్వుదని తేలినా, మొత్తం వాల్వును కొనడానికి పరుగెత్తనవసరం లేదు. బోరు నీటిలో కరిగి ఉండే సున్నపు లవణాలు వాషర్ అంచున గారగా పేరుకోవడం, లేదా ఏళ్లు గడిచి రబ్బరు బిర్రబిగుసుకుపోవడం తరచుగా కనిపించే కారణాలు. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు కూడా రబ్బరును త్వరగా పాడుచేస్తాయి. శుభ్రత పేరిట వాటిని అమ్మేవారు ఈ సంగతి చెప్పరు. యాంగిల్ కాక్ కట్టి, ఫ్లష్ నొక్కి ట్యాంకును ఖాళీ చేసి, మూతను జాగ్రత్తగా ఎత్తి పక్కన పెట్టాక, చాలా రకాల్లో వాల్వును చేత్తో పట్టి ఎడమవైపుకు పావు చుట్టు తిప్పితే అది పీఠం నుంచి ఊడి వస్తుంది. పీఠపు అంచు చుట్టూ వేలితో నిమిరితే గరుకుగా తగిలే చోటే నీరు జారుతున్నది. వెనిగర్‌లో తడిపిన గుడ్డతో రుద్ది ఆ గారను వదిలించి, అదే కొలతగల కొత్త వాషర్ తొడిగితే చాలాసార్లు పని ముగుస్తుంది.

పీఠమే పగిలినా, వాల్వు శరీరం చీలినా మొత్తం మార్చక తప్పదు. వాల్వులు ఒకే కొలతలో రావు కనుక పాతదానిని దుకాణానికి తీసుకువెళ్లి చూపడం క్షేమం. ట్యాంకు కమోడ్‌పైనే కూర్చునే రకమైతే, మిగిలిన నీటిని స్పాంజితో తోడేసి, నీటి గొట్టాన్ని విప్పి, అడుగున ఉన్న రెండు బోల్టుల నట్లు తీసి, ఇద్దరు కలిసి ట్యాంకును ఎత్తాలి. అప్పుడు కనిపించే పెద్ద ప్లాస్టిక్ నట్టును విప్పితే పాత వాల్వు వస్తుంది. ట్యాంకుకూ కమోడ్‌కూ మధ్యనుండే మందపాటి రబ్బరు వలయాన్ని ఆ వంకనే మార్చేయాలి. గోడలో దాచిన ట్యాంకుల విషయం వేరు. వాటి భాగాలు కంపెనీకొక తీరుగా ఉంటాయి.

కొత్త వాల్వును దిగువ నట్టుతో బిగించేటప్పుడు నీటిని ఆపేది రబ్బరే కానీ మరలు కావు కనుక టెఫ్లాన్ టేపు చుట్టవలసిన పని లేదు. చేతి బిగువు తరువాత పానాతో కొద్దిగా తిప్పితే సరిపోతుంది. అంతకు మించితే పింగాణీ పగులుతుంది. ట్యాంకును తిరిగి కమోడ్‌పై కూర్చోబెట్టి, బోల్టుల నట్లు బిగించి, నీటి గొట్టాన్ని కలిపాక, నీటి మట్టం ఓవర్‌ఫ్లో గొట్టపు అంచుకు ఒక అంగుళం కిందుగా నిలిచేలా ఫ్లోట్‌ను సర్దాలి. బటన్ కింది కడ్డీని మరీ పొడవుగా ఉంచితే, మూత పెట్టగానే అది వాల్వును రవ్వంత ఎత్తి పట్టుకుంటుంది. కొత్తది బిగించినా కారుతూనే ఉందని విసుగుచెందే చాలామంది ఇళ్లలో అసలు దోషం అదే. మూత పెట్టాక బటన్ కాస్త వదులుగా కదలాలి. నీరు నిండిన తరువాత ట్యాంకు కింద పాత వార్తాపత్రిక పరచి, ఒక గంటకు ఎక్కడైనా తడి మరక కనిపిస్తే, బోల్టుల రెండు నట్లనూ ఒకదాని తరువాత ఒకటి అర చుట్టు చొప్పున బిగించాలి. ఒక్కదానినే బిగిస్తే ట్యాంకు ఒక పక్కకు ఒరిగి రెండో పక్క కారుతుంది.