ఇందిరమ్మ ఇల్లు: టైల్స్ వేసే ముందు బేస్‌మెంట్ నేలను ఇలా సిద్ధం చేసుకోండి

ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారులకు ప్రభుత్వం రూ.5 లక్షలు విడతల వారీగా ఇస్తోంది. బేస్‌మెంట్ పూర్తయితే మొదటి విడత రూ.1 లక్ష మీ ఖాతాలో పడుతుంది. స్లాబ్ అయ్యాక అందరికీ గృహప్రవేశం తొందరే. టైల్ రంగు, డిజైన్ చూస్తాం కానీ దాని కింద ఏముందో చూడం. కింద మట్టి కుంగితే ఎంత మంచి టైల్ అయినా పగులుతుంది. మళ్లీ తవ్వి వేయించే ఖర్చు మీ చేతి నుంచే పెట్టుకోవాలి. అందుకే ఈ పనులు వరుసగా చేయించుకోండి.

1. మొరం నింపడం
• గోడల మధ్య నల్లరేగడి మట్టి పోయించొద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు ఇస్తుంది. మొరం వాడండి.
• వేర్లు, కర్రముక్కలు, చెత్త ఏరేయండి. అవి కుళ్లితే కింద ఖాళీ ఏర్పడుతుంది, చెదలు పడతాయి.
• ట్రాక్టర్ల కొద్దీ ఒకేసారి నింపొద్దు. అర అడుగు మందం పోసి, నీళ్లు పట్టి, దిమ్మిసతో కొట్టించాకే తర్వాతి పొర పోయించండి.
• బాత్రూం, వంటగది పైపులు ఈ దశలోనే వేయించి, నీళ్లు నింపి లీకేజీ చూసుకోండి.

2. బెడ్ కాంక్రీట్
• 1 పాలు సిమెంట్, 4 పాళ్లు ఇసుక, 8 పాళ్లు 40 ఎంఎం కంకర. మందం 4 అంగుళాలు.
• కనీసం 7 రోజులు తడి ఆరకుండా నీళ్లు పట్టండి.

3. టైల్స్‌కు ముందు మీరే చేసుకోగల పరీక్షలు
• కర్రతో తట్టండి. డొల్ల శబ్దం వచ్చినచోట పగలగొట్టించి, కింద గట్టిగా కొట్టించి మళ్లీ కాంక్రీట్ వేయించండి.
• 2 అడుగుల ప్లాస్టిక్ కవర్‌ను నేలపై పరిచి అంచులన్నీ టేపుతో అతికించండి. మర్నాడు తీసి చూడండి. లోపల చెమ్మ పడితే టైల్స్ ఆపండి. పైపు కారుతోందా, గోడ పక్కన వాన నీళ్లు నిలుస్తున్నాయా చూసి ముందు అది సరిచేయించండి.
• నీళ్ల పైపుతో అన్ని గదుల మట్టం చూపించమని మేస్త్రీని అడగండి.
• ప్లాస్టరింగ్‌లో రాలిన సిమెంట్, పెయింట్ మరకలు గీకించి, దుమ్ము ఊడ్చి కడిగించండి. వీటిమీద మాల్ పట్టదు.

4. బాత్రూం వాలు
ప్రతి 4 అడుగులకు ఒక అంగుళం చొప్పున జాలి వైపు వాలు ఉండాలి. బాత్రూం నేల గది నేల కంటే కొంచెం దిగువన ఉంటే నీళ్లు ఇంట్లోకి రావు.

తరచూ అడిగే ప్రశ్న
మొరం ఎప్పుడు నింపితే మంచిది?
ఎంత ముందు నింపితే అంత మేలు. గోడలు, స్లాబ్ పని జరిగే నెలల్లో నీళ్లు పడి అది ఇంకా దిగుతుంది. దిగినచోట మళ్లీ నింపి కొట్టించాకే బెడ్ వేయించండి.

గుర్తుంచుకోండి
దిమ్మిస కొట్టడం, నీళ్లు పట్టడం ఎవరి పనో మేస్త్రీతో కూలి మాట్లాడుకునే రోజే తేల్చుకోండి. బెడ్ వేసే ముందు మొరం, పైపులు కనిపించేలా ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత ఎక్కడైనా కారితే ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. పనిలో అనుమానం ఉంటే టైల్స్ వేయకముందే మీ పంచాయతీ కార్యదర్శిని గానీ, హౌసింగ్ ఏఈని గానీ పిలిచి చూపించండి.