గోలీ మోగే డబ్బా

మా కాకినాడ గాలికి ఇనుమంటే పగ. కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రెడ్ ఆక్సైడ్ పూసినా గేటు బందుల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేస్తూనే ఉంటుంది. నా పాత కారు ఇనుప చక్రాలకూ అదే గతి పట్టింది. రెండేళ్ల కిందట వాటిని గీకి, బజారు నుంచి సిల్వర్ స్ప్రే డబ్బా తెచ్చి నేరుగా కొట్టేశాను. మర్నాటికి కొత్త చక్రాల్లా మెరిశాయి. వానలు మొదలైన నెలకే నట్ల చుట్టూ రంగు పెచ్చులుగా ఊడింది. కింద ఎర్రటి మరక తేలింది. తప్పు రంగుది కాదు. కంటికి కనిపించే పొర గురించే ఆలోచించి, కనిపించని పొరను వదిలేశాను.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్లీ పని మొదలుపెట్టాను. ఈసారి ముందు ఆ డబ్బా కథ చదివాను. నా చక్రాల రంగుతోనే దాని బతుకు మొదలైందని అప్పుడు తెలిసింది.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సికమోర్ అనే చిన్న ఊరుంది. అక్కడ రంగుల కంపెనీ నడిపే ఎడ్వర్డ్ సేమూర్ 1949లో ఒక అల్యూమినియం రంగు తయారుచేశాడు. చలిదేశాల ఇళ్లలో గదిని వెచ్చగా ఉంచే రేడియేటర్లకు వేసే రంగు అది. అందులో ఉండేవి గుండ్రటి రేణువులు కావు, అతి సన్నని రేకు ముక్కలు. కుంచెతో వేస్తే లాగిన వైపుకల్లా తిరిగి చారలు తేలతాయి. పొగమంచులా పడితే మాత్రం నేల మీద ఆకులు పరుచుకున్నట్టు చదునుగా పడుకుని వెలుగును ఒక్కతీరుగా తిప్పికొడతాయి. ఈ రంగును కొనేవాళ్లకు బాగా చూపించడం ఎలాగా అని సేమూర్ ఆలోచిస్తుంటే, చిమ్మే డబ్బాలో పెట్టి చూడమని ఆయన భార్య బానీ సలహా ఇచ్చింది. చూపించడానికి చేసిన ఆ డబ్బానే జనం అడగసాగారు. ఈ రోజు మనం చక్రాలకు కొట్టే సిల్వర్ ఆ తొలి డబ్బాలోని రంగుకు నేరుగా వారసురాలే.

చిమ్మే డబ్బా అంతకుముందే ఉంది. ద్రవాన్నీ, దాన్ని తోసే వాయువునూ ఒకే పాత్రలో బంధించవచ్చని 1920ల చివర్లో నార్వే ఇంజనీరు ఎరిక్ రోథీమ్ చూపించాడు. ఆయన గుర్తుగా నార్వే 1998లో తపాలా బిళ్ల కూడా వేసింది. కానీ దాన్ని లోకమంతా తిప్పింది దోమ. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులను మలేరియా పీడించింది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే లైల్ గుడ్‌హ్యూ, విలియం సల్లివన్ ఒక ఉక్కు డబ్బాలో చామంతి జాతి పూల నుంచి తీసిన పైరెత్రమ్ మందునూ, నువ్వుల నూనెనూ, ఫ్రియాన్ వాయువునూ కలిపి నింపారు. పురుగు మీద మందు పట్టును పెంచేది ఆ నువ్వుల నూనే. మన వంటింటి నూనె ఇక్కడ కనిపించడం నాకెంతో సంతోషం కలిగించింది. ఆ డబ్బా గోడలు మందం, ధర ఎక్కువ. 1949లో రాబర్ట్ అబ్‌ప్లనాల్ప్ రూపొందించిన చవకైన వాల్వు వచ్చాక, పలచని రేకు డబ్బా ఇంటింటికీ చేరింది.

పనితీరు ఇంకా ముచ్చటైనది. డబ్బా ఊపితే లోపల గోలీ మోగుతుంది. అడుగున పేరుకున్న రంగును లేపి కలపడమే దాని పని. లోపలి గ్యాసు గాలిలా పంపుతో ఎక్కించింది కాదు. వంటగ్యాసు సిలిండరులో లాగే ఒత్తిడి మీద ద్రవంగా మారి, రంగుతో కలిసి ఉంటుంది. పైన ఖాళీలో కొంత ఆవిరి నిలుస్తుంది. మీట నొక్కగానే ఆ ఆవిరి ద్రవాన్ని గొట్టంలోకి తోస్తుంది. పైన ఖాళీ పెరిగితే ద్రవంలోంచి మరికొంత ఆవిరై ఆ చోటు నింపుతుంది. అందుకే సైకిల్ ట్యూబు గాలిలా ఒత్తిడి పడిపోకుండా చివరి దాకా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇక రంధ్రం దాటి బయటపడిన క్షణంలో, రంగులో కలిసి ఉన్న గ్యాసు ఒక్కసారిగా ఉబ్బి ప్రతి బొట్టునూ తుంపరలుగా చీలుస్తుంది. ఆవిరవడానికి వేడి కావాలి. ఆ వేడిని డబ్బా నుంచే లాక్కుంటుంది కనుక, ఎడతెగకుండా కొడితే డబ్బా చేతికి చల్లగా తగులుతుంది, ఒత్తిడి కాస్త తగ్గుతుంది. అప్పుడు బొట్లు లావుగా పడతాయి. మధ్య మధ్య ఆపమనడానికి కారణం ఇదే.

ఆ గ్యాసు వల్లే డబ్బాకు గండం కూడా వచ్చింది. ఫ్రియాన్ లాంటి వాయువులు పైకెళ్లి ఓజోన్ పొరను తింటాయని 1974లో మరియో మొలీనా, షేర్వుడ్ రోలండ్ హెచ్చరించారు. 1978లో అమెరికా చాలా రకాల స్ప్రే డబ్బాల్లో వాటిని నిషేధించింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. ఇప్పుడు డబ్బాల్లో ఎక్కువగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్, డైమిథైల్ ఈథర్. ఓజోన్‌కు హాని లేదు కానీ అంటుకుంటాయి. ఎండలో నిలిపిన కారులో డబ్బా వదిలేయడం, పొయ్యి దగ్గర కొట్టడం ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంత తెలివైన యంత్రం కూడా రంగును లోహం దాకా మోసుకుపోగలదు తప్ప, అక్కడ నిలబెట్టలేదు. నిలబెట్టేది ప్రైమర్. చక్రం మీది రంగు పడే కష్టం కారు తలుపు మీది రంగు పడదు. కంకర రాళ్లు తగులుతాయి, బ్రేకు వేడి తగులుతుంది, బ్రేకు రాపిడికి రాలిన ఇనుప పొడి వచ్చి అతుక్కుని తుప్పు పడుతుంది.

ఇనుప చక్రానికి ఈసారి ఎపాక్సీ ప్రైమర్ ఎంచుకున్నాను. ఎపాక్సీ లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. జింక్ ఫాస్ఫేట్ కలిసినదైతే తుప్పు రసాయన చర్యనే మందగింపజేస్తుంది. ఇంట్లో గ్రిల్లుకు పూయగా మిగిలిన రెడ్ ఆక్సైడ్ ఉంది కదా అని అది వాడకూడదు. అది సాధారణంగా ఎనామెల్ జాతిది. దాని మీద కార్లకు కొట్టే లాకర్ రకం రంగు పడితే, అందులోని ఘాటైన థిన్నర్ కింది పొరను మెత్తబరిచి ముడతలు లేపుతుంది. ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోటు మూడూ ఒక కంపెనీ ఒకదానికొకటి సరిపోతాయని చెప్పినవే తీసుకోవాలి. ఇంజన్లకు వేసే అధిక వేడి రంగు చక్రానికి మేలని కొందరంటారు. నేను ఒప్పుకోను. అది గట్టిపడాలంటేనే బాగా కాగాలి. చక్రం మామూలుగా అంత వేడెక్కదు, రంగు పచ్చిగానే మిగిలిపోతుంది.

నేను గీకుతుంటే మా బావమరిది వచ్చాడు. అతని కారువి అల్లాయ్ చక్రాలు.

"బావా, అల్యూమినియానికి తుప్పు పట్టదు కదా, నాకు ప్రైమర్ ఎందుకు?"

"నీకే ఎక్కువ అవసరం రా. నీ చక్రం అంచు చూడు."

కాలిబాట రాయికి గీసుకున్న చోట క్లియర్ కోటు కింద తెల్లటి సన్నని దారులు చెదల బాటల్లా పాకి ఉన్నాయి. అల్యూమినియం గాలి తగిలిన మరుక్షణమే కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. లోహాన్ని కాపాడేది అదే, రంగుకు సరైన పట్టు దొరకనివ్వనిదీ అదే. పట్టు వదిలిన చోట ఉప్పుగాలి తేమ దూరి పాకుతుంది. దీనికి ఎచ్ ప్రైమర్ ఉంది. యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం ఓడల కోసం తయారైన వాష్ ప్రైమర్ దీని పూర్వీకురాలు. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు ఇస్తుంది. పాలీవినైల్ బ్యూటిరాల్ అనే రెసిన్ అతుక్కుంటుంది. పగిలినా కారు ముందద్దం ముక్కలు రాలకుండా పట్టి ఉంచే పొర కూడా దానితో చేసిందే. అప్పట్లో అందులో కలిపిన జింక్ క్రోమేట్ క్యాన్సర్ కారకమని తేలాక జింక్ ఫాస్ఫేట్ వైపు మళ్లారు. ఎచ్ ప్రైమర్ పలచగా, ఒక్క కోటు చాలు. దాని మీద ఎపాక్సీ వేయాలనుకుంటే తయారీదారు ఒప్పుకుంటేనే వేయాలి, ఆమ్లం మిగిలితే ఎపాక్సీ సరిగా గట్టిపడదు.

టైర్లు విప్పించి, తుప్పు పోయేదాకా రుద్ది, జిడ్డు తుడిచి, వాటర్ పేపరుతో నున్నగా చేసి, మధ్యాహ్నం పూట పని పెట్టుకున్నాను. మా ఊళ్లో పొద్దున్నే గానీ వానాకాలంలో గానీ కొడితే థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద దిగుతుంది, రంగు పాలిపోతుంది. జానెడు పైన దూరం నుంచి, చక్రం అంచు బయట మొదలుపెట్టి బయటే ఆపుతూ, పలచగా మూడు సార్లు కొట్టాను. ఒక్కసారే తడిగా పోస్తే రేకులు ఈది గుంపులై మచ్చలు పడతాయి. పైన క్లియర్ కోటు కొట్టాను. లోపల గట్టిపరిచే ద్రవం విడిగా ఉండి, అడుగున బొత్తాం నొక్కితే కలిసే టూ-కె డబ్బా అది. కలిపాక ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. పెట్రోలునూ రాళ్లనూ బాగా తట్టుకుంటుంది. దాని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి, ముఖానికి చేతిరుమాలు చాలదు. తగిన మాస్కు లేనివాళ్లు ఆ పని డెంటింగ్ షెడ్డు వాళ్లకు అప్పగించడమే మంచిది.

హబ్బుకు ఆనుకునే వెనక ముఖానికీ, నట్లు కూర్చునే ఏటవాలు గుంటలకూ మాత్రం మాస్కింగ్ టేపు వేశాను. అక్కడ మందంగా రంగు పడితే బిగింపు కింద నలిగి నట్టు వదులవుతుంది. చివర్లో డబ్బా తలకిందులు చేసి గ్యాసు మాత్రమే వచ్చేదాకా నొక్కి రంధ్రం శుభ్రం చేశాను. వారం ఆరనిచ్చి చక్రాలు ఎక్కించాం. పిఠాపురం దాకా వెళ్లొచ్చాం. ఇల్లు చేరగానే స్పానరు తీసి, నాలుగు చక్రాల నట్లనూ మళ్లీ ఒక్కొక్కటిగా బిగించాను.