ఆకు పసుపెక్కితే వేరు చూడాలి

ఇంట్లో కుండీలో పెంచే నిమ్మచెట్టు ఆకులు పసుపు రంగుకు తిరిగితే ఎక్కువమందికి ముందు తట్టేది ఎరువు. గుప్పెడు వర్మీకంపోస్టు, చెంచాడు ఎప్సమ్ సాల్ట్, బియ్యం కడుగు, పుల్లమజ్జిగ, ఏది చేతికందితే అది కుండీలో పడుతుంది. నెల తిరిగేసరికి మరికొన్ని ఆకులు రాలతాయి. చెట్టుకు ఇల్లు పడలేదనో, నర్సరీలో మంచి మొక్క ఇవ్వలేదనో అనుకుని ఆశ వదిలేస్తారు. ఈ వరసే తప్పని నా వాదన. ఇంటి లోపల నీరసించిన నిమ్మ, నారింజ, కమలా చెట్లలో చాలావాటికి తిండి తక్కువై కాదు ఆ స్థితి వచ్చింది. ఉన్న తిండిని అందుకోవలసిన వేరు పాడైంది. వేరు పాడవడానికి కారణం నీరే అయినా, ఆ నీరు ఎక్కువ కావడానికి కారణం వెలుతురు చాలకపోవడం. అందుకే ముందు వెలుతురు, తరవాత నీరు, ఆపైన వేరు చూడాలి. ఎరువు మాట చివర రావాలి.

నిమ్మజాతి ఎండను కోరే చెట్టు. గూడూరు చుట్టుపక్కల నిమ్మతోటలైనా, నల్లగొండ బత్తాయి తోటలైనా పైన నీడ లేని నేలల్లోనే కాస్తాయి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు లక్ష లక్సులు ఉంటుంది. మనకు బాగా వెలుతురుగా ఉందనిపించే హాల్లో అది కొన్ని వందల లక్సులకు మించదు. మన కన్ను ఎంత వెలుతురుకైనా సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు, ఆకుకు తెలుస్తుంది. పెద్ద చెట్ల నీడన బతకడం అలవాటైన మనీప్లాంట్ అదే మూలలో కళకళలాడుతుంటే నిమ్మ వడలిపోవడంలో వింత లేదు. వెలుతురు తగ్గిన ఆకు తక్కువ చక్కెర తయారుచేస్తుంది, తక్కువ ఆవిరి వదులుతుంది, కింది నుంచి తక్కువ నీరు లాగుతుంది. మనం మాత్రం రోజూ పోసే చెంబు నీళ్ళూ పోస్తూనే ఉంటాం. చెట్టు తాగని నీరంతా మట్టిలో నిలుస్తుంది. వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉండే గాలే దానికి ఆధారం. ఆ ఖాళీలు నీటితో నిండితే ప్రాణవాయువు గాలిలో కదిలే వేగంలో సుమారు పదివేలవ వంతు వేగంతోనే వేరును చేరుతుంది. ముందుగా చచ్చేవి వెంట్రుకల్లాంటి సన్న వేళ్ళు. నీటినీ పోషకాలనీ పీల్చేవి అవే. ఆ తరవాత తడి మట్టిలో పొంచి ఉండే ఫైటోఫ్తోరా వంటి, శిలీంధ్రాలను పోలిన క్రిములు మిగతా వేళ్ళను కుళ్ళబెడతాయి. అప్పుడు నీళ్ళలో నిలబడి కూడా చెట్టు దాహంతో వాడుతుంది. వాడిన ఆకు చూసి ఇంకొంచెం నీళ్ళు పోస్తాం. చనిపోయే చెట్లలో ఎన్నో ఇక్కడే మన చేతుల్లోంచి జారిపోతాయి.

తేడా కనిపెట్టడానికి పరికరాలేవీ అక్కర్లేదు. నీళ్ళు చాలని చెట్టు ఆకులు లోపలికి దోనెలా ముడుచుకుని పెళుసవుతాయి, కుండీ ఎత్తి చూస్తే తేలిగ్గా వస్తుంది. వేరు కుళ్ళిన చెట్టు ఆకులు మెత్తబడి, పసుపెక్కి, ముట్టుకుంటే రాలతాయి, కుండీ మాత్రం బరువుగా ఉంటుంది. పైమట్టి పొడిగా కనిపించినంత మాత్రాన నమ్మకూడదు. కొబ్బరిపొట్టు కలిపిన మట్టి పైన ఎండిపోయినట్టు ఉండి అడుగున బురదలా ఉంటుంది. ఒక పొడుగాటి పుల్లను అడుగుదాకా గుచ్చి కాసేపాగి తీస్తే నిజం తెలుస్తుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కుండీ లోపల ఉంది. కుండీని పక్కకు వాల్చి, అంచు చుట్టూ తట్టి, మట్టిగడ్డతో సహా చెట్టును బయటికి జార్చి చూడాలి. వేళ్ళు తెల్లగానో లేత గోధుమ రంగులోనో, గట్టిగా ఉండి, కొసలు లేతగా కనిపిస్తే వేరు బాగున్నట్టే. నల్లగా, జిగురుగా ఉండి కుళ్ళు వాసన వస్తుంటే, వేళ్ళతో పట్టి లాగినప్పుడు పై తొక్క ఊడి లోపల సన్న దారంలాంటి పోగు మాత్రమే మిగిలితే అది వేరుకుళ్ళు. ఆ ఊడిపోయే తొక్క అనుమానానికి తావివ్వదు.

నీరసించిన చెట్టును పెకలిస్తే ఇంకా దెబ్బతింటుంది కదా అని అడగవచ్చు. భయం అర్థమయ్యేదే కానీ, మట్టిగడ్డ చెదరకుండా జార్చి చూసి మళ్ళీ అలాగే దింపితే జరిగే నష్టం చాలా కొద్ది. వేరు బాగుంటే దాన్ని కదపనవసరం లేదు, కొత్త కుండీ కూడా అక్కర్లేదు. వేరు కుళ్ళుతుంటే మాత్రం చూడకుండా గడిచే ప్రతి వారం చెట్టుకు నష్టమే. కుండీ చెట్లను తరాల తరబడి బతికించినవారు ఈ సంగతి ఎరుగుదురు. ఫ్రాన్స్‌లో వర్సేల్స్ రాజప్రాసాదానికి 1684-86 మధ్య వాస్తుశిల్పి మాన్సార్ కట్టిన నారింజ మందిరంలో ఇప్పటికీ చలికాలమంతా చెట్లను లోపల ఉంచి, ఎండాకాలంలో బయటికి తెస్తారు. వాటిని పెంచే చెక్కపెట్టెల పక్కపలకలు ఊడదీయడానికి వీలుగా చేసినవి. చెట్టును పెకలించకుండానే వేళ్ళను చూడవచ్చు, కత్తిరించవచ్చు, మట్టి మార్చవచ్చు. వేరును చూడటం అక్కడ ఆఖరి ప్రయత్నం కాదు, పెంపకంలో భాగం.

ఇక ఆకు చెప్పే సంగతులు. ఆకు అబద్ధం చెప్పదు కానీ, ఏ ఆకు ముందు పసుపెక్కిందో గమనించకపోతే మనకది అర్థం కాదు. నత్రజని, మెగ్నీషియం చెట్టులో కదలగలవు. కొరత వస్తే చెట్టు ముదురాకుల్లోంచి వాటిని లాగి చిగుళ్ళకు పంపుతుంది. అందుకే ఆ లోపాలు ముందు కింది ఆకుల్లో కనిపిస్తాయి. నత్రజని తగ్గితే ఆకంతా ఒకే తీరుగా పాలిపోతుంది. మెగ్నీషియం తగ్గితే ఆకు మొదలు దగ్గర తిరగేసిన ఇంగ్లిషు V ఆకారంలో పచ్చదనం మిగిలి, చుట్టూ పసుపవుతుంది. ఇనుము, జింకు అలా కదలవు కాబట్టి వాటి లోపం చిగురాకుల్లో బయటపడుతుంది. ఇనుము లోపిస్తే ఆకు లేత పసుపై ఈనెలు మాత్రం పచ్చని వలలా నిలుస్తాయి, జింకు లోపిస్తే ఆకులు చిన్నవై, సన్నబడి, ఈనెల మధ్య మచ్చలు పడతాయి. ఇదంతా తెలిశాక కూడా ఒక మెలిక ఉంది. చిగుళ్ళలో ఇనుము లోపం కనిపించిందంటే మట్టిలో ఇనుము లేదని కాదు. మట్టి పీహెచ్ 7 దాటి క్షారగుణం పెరిగితే ఇనుము వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. తడిసి ముద్దయిన, చల్లబడిన మట్టిలోనూ వేరు దాన్ని తీసుకోలేదు. మన ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పదనంతో, సున్నంతో గడుసుగా ఉంటుంది. పైగా నీరు వృథా పోకూడదన్న మంచి ఉద్దేశంతో ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీటిని మొక్కలకు పోస్తున్నారు. ఆ నీటిలో లవణాలు మామూలు నీటికన్నా చిక్కగా ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర, ఆకు కొసలు మాడటం దాని గుర్తులు. ఇల్లు తుడవడానికి ఆ నీరు బాగానే పనికొస్తుంది, నిమ్మకు వద్దు. ఇప్పటికే పేరుకున్న ఉప్పు పోవాలంటే వాననీటినో మంచినీటినో అడుగు రంధ్రంలోంచి ధారగా పోయేదాకా ఒకటి రెండుసార్లు పోసి, పళ్ళెంలో నిలిచింది పారబోయాలి. ఇనుము ఇవ్వాల్సివస్తే, దాన్ని వేరుకు అందేలా పట్టి ఉంచే కీలేట్ రూపంలో ఇవ్వాలి. అందులోనూ సున్నపు నీళ్ళున్నచోట ఈడీటీఏ రకం త్వరగా పనికిరాకుండా పోతుంది, ఈడీడీహెచ్ఏ రకం నిలుస్తుంది.

ఎరువు వేయగానే పచ్చబడ్డ చెట్లు లేవా అంటే, ఉన్నాయి. ఎండ బాగా తగిలే బాల్కనీలో ఉండి, రోజూ నీళ్ళు తాగి, ఏళ్ళ తరబడి అదే మట్టిలో ఉన్న చెట్టుకు నత్రజని నీటితో కొట్టుకుపోతుంది. నిమ్మజాతికి తిండి ఎక్కువే కావాలి. అలాంటి చెట్టుకు ఎరువు వేయాల్సిందే. అయితే ఆ చెట్టు వేరు ఆరోగ్యంగా ఉంటుంది, కనక ఈ ఉదాహరణ ఎరువుకన్నా ముందు వేరు చూడాలన్న మాటనే బలపరుస్తుంది. వేరు కుళ్ళిన చెట్టుకు అదే ఎరువు వేస్తే మట్టినీటిలో లవణం పెరిగి, మిగిలిన కాసిని వేళ్ళు నీరు పీల్చడం ఇంకా కష్టమవుతుంది.

చలిదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్ళలో ఈ కథకు మరో ముడి ఉంది. అక్కడ ఎక్కువగా దొరికేది మేయర్ నిమ్మ. అమెరికా వ్యవసాయశాఖ తరఫున మొక్కలు వెదుకుతూ తిరిగిన ఫ్రాంక్ మేయర్ 1908లో చైనా నుంచి తెచ్చిన రకం అది. కుండీలో ఇంపుగా పెరుగుతుంది. చలికాలంలో దాన్ని హీటర్ ఉన్న గదిలోకి తెచ్చి పెడతారు, కొన్ని వారాల్లో ఆకంతా రాలుతుంది. వేరు దగ్గర మట్టి సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే నిమ్మజాతి వేరు దాదాపు పని మానేస్తుంది. చల్లటి నేలమీద, కిటికీ పక్కన పెట్టిన కుండీలో మట్టి చల్లగా ఉండి, అద్దంలోంచి వచ్చే ఎండకు ఆకు వేడెక్కితే, ఆకు అడిగే నీరు వేరు ఇవ్వలేదు. వెచ్చని చీకటి గది కూడా చెరుపే. వేడికి చెట్టు దాచుకున్న చక్కెరను ఖర్చుపెడుతూనే ఉంటుంది, వెలుతురు లేక తిరిగి సంపాదించలేదు. వర్సేల్స్ మందిరంలో హీటర్లు లేవు. మందపాటి గోడలూ జంట అద్దాలూ గడ్డకట్టే చలిని ఆపుతాయి, అంతే. ఆ చల్లదనంలో చెట్లు నిద్రపోతాయి, కాబట్టి తక్కువ వెలుతురు సరిపోతుంది. కనక చెట్టుకు గది చల్లగా ఉండి తక్కువ నీరైనా దక్కాలి, లేదా వెచ్చదనంతోపాటు గట్టి గ్రోలైట్ అయినా దక్కాలి. కుండీని నేలమీంచి ఎత్తి చెక్కపీట మీద పెట్టడం ఖర్చులేని సాయం.

బతికించే పని మొదలుపెడితే, కుళ్ళిన వేళ్ళను శుభ్రమైన కత్తెరతో గట్టి భాగందాకా కత్తిరించాలి. పోయిన వేళ్ళకు తగ్గట్టు ఎండుకొమ్మల్నీ, కొంత ఆకునీ తగ్గించాలి. కొమ్మ బతికుందో లేదో గోటితో బెరడు గీకితే తెలుస్తుంది, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పెద్ద కుండీలోకి మార్చాలన్న ఆశ మానుకోవాలి. మిగిలిన వేళ్ళు తాగలేనంత నీరు పెద్ద కుండీ మట్టిలో నిలుస్తుంది, కాబట్టి వేళ్ళకు సరిపడా చిన్న కుండీ మేలు. అడుగున గులకరాళ్ళ పొర వేస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం కూడా నిజం కాదు. నీరు మట్టిలోంచి రాళ్ళలోకి తేలిగ్గా దిగదు, మట్టి అడుగునే ఆగి తడిపొరను వేళ్ళకు ఇంకా దగ్గరగా తెస్తుంది. రంధ్రం మీద ఒక పెంకు చాలు. ఎర్రమట్టి ఒక్కటే అయితే బిగుసుకుపోతుంది కాబట్టి ముతక ఇసుక, పెర్లైట్ వంటివి బాగా కలపాలి. అంటు కట్టిన చోటు మట్టిపైనే ఉండాలి. తరవాత నేరుగా మండుటెండలో పెట్టకుండా మంచి వెలుతురులో ఉంచి, పైన రెండు అంగుళాలు ఆరాకే నీళ్ళు పోయాలి. కొత్త చిగురు ముదిరేదాకా ఎరువు వేయకూడదు. పసుపెక్కిన పాత ఆకుల్లో చాలావరకు మళ్ళీ పచ్చబడవు. రాబోయే ఆకు రంగే మనం చూడవలసింది.

చెట్టు కోలుకునే ఈ కాలంలో మోసపోయే సందర్భాలు ఎదురవుతాయి. బాగా ఎండిన చెట్టుకు నీళ్ళు పోసిన మర్నాటి నుంచే ఆకు రాలడం మొదలవుతుంది. నీళ్ళే చంపాయని కంగారుపడతారు. ఎండినప్పుడు వేళ్ళలో పోగైన ఒక పదార్థం నీరు అందగానే పైకి చేరి ఇథిలీన్‌గా మారి ఆకు తొడిమ దగ్గర పట్టు వదిలిస్తుంది. ఆ దెబ్బ ఎండినప్పుడే తగిలింది, కనిపించింది తడిలో. అలాగే మోడు కొమ్మల నిండా పూత వస్తే కోలుకున్నట్టని సంబరపడతారు. మన బత్తాయి రైతులు తోటకు కొన్ని వారాలు నీరు ఆపి, బెట్టకు గురిచేసి, తరవాత తడి ఇచ్చి పూత తెప్పిస్తారు. కష్టపడ్డ చెట్టు పూయడం దాని స్వభావం. ఆకులేని చెట్టు మీద పిందెల్ని జాలిపడకుండా తుంచేయాలి. అంటు కింది నుంచి జోరుగా వచ్చే కొమ్మలు ఇంకో మోసం. అవి రంగపూర్ నిమ్మవో జంబేరివో, విదేశాల్లోనైతే మూడురెక్కల ఆకుల నారింజవో అయి ఉంటాయి. మనం కొన్న చెట్టు కాదు కాబట్టి వాటిని మొదట్లోనే తీసేయాలి.

పురుగుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆకు మీద జిగురు, దానిపై మసి ఉంటే పిండినల్లినో పొలుసు పురుగునో ఈనెల వెంట వెదకాలి. సన్నటి చుక్కలు, బూజులాంటి సాలెగూడు ఉంటే నల్లి. తడిగుడ్డతో తుడవడం, వేపనూనె చల్లడం చాలాసార్లు సరిపోతాయి. నయం కానిది మాత్రం ఒకటి ఉంది. పోషక లోపంలో పసుపు మచ్చలు నడి ఈనెకు రెండువైపులా ఒకే తీరుగా ఉంటాయి. ఒకవైపు ఒకలా, రెండోవైపు మరోలా అడ్డదిడ్డంగా పడితే గ్రీనింగ్ తెగులును అనుమానించాలి. 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి నారింజ తోటల్ని కుదేలుచేసిన తెగులు ఇదే. దీన్ని మోసుకెళ్ళే సిల్లా పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే అమెరికాలో పురుగో తెగులో ఉన్న ప్రాంతాల నుంచి నిమ్మజాతి మొక్కలతోపాటు కరివేపాకు మొక్కల్ని బయటికి తీసుకువెళ్ళడానికీ నిబంధనలున్నాయి. బంధువులకు ఇష్టంగా తీసుకెళ్ళే చిన్న మొక్కకూ అవి వర్తిస్తాయి. ఆ తెగులని ఖాయమైతే ఎన్నేళ్ళ చెట్టయినా తీసి, సంచిలో మూటకట్టి పారేయాలి. పక్కనున్న కరివేపాకు చిగుళ్ళను ఆ రోజే తిరగేసి చూడాలి.