గుత్తి సాలీడు పెట్టెకు జాలీ మూత వద్దు

మెరిసే నీలి ఒళ్లు, కాళ్ల మీద పసుపు మచ్చలు. అమెరికా, ఐరోపాల్లో సాలీళ్లను పెంచేవాళ్లు మోజుపడే ఒక టరంటులాకు మన గుత్తి పేరు ఉందని మీకు తెలుసా? 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడుకు పోకాక్ అనే శాస్త్రవేత్త పొయిసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లు దాటినా శాస్త్రవేత్తల కంటపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. చెట్లు కొట్టేస్తుంటే దానికి తొర్రలు కరవై, అంతరించే అంచుకు చేరింది. 2019 నుంచి దేశాల మధ్య దీని వ్యాపారం సైట్స్ ఒప్పందం అదుపులోకి వచ్చింది. విదేశాల్లో పెంచేవి చాలావరకు అక్కడే పుట్టినవి. మన అడవిలో మిగిలినవాటి జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

టరంటులాను పెంచేవాళ్లు ఎక్కువగా పొరబడేది పెట్టె మూత దగ్గర. గాలి ధారాళంగా ఆడుతుందని ఇనుప జాలీ మూత బిగిస్తారు. బల్లి జాతులకు ఆ మూత బాగానే పనికొస్తుంది. టరంటులా పాదాన్ని దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. పాదం చివర కుచ్చులా మెత్తటి వెంట్రుకలు, వాటి మధ్య కొక్కేల్లా వంగిన రెండు బుల్లి గోళ్లు. నున్నటి గాజును వెంట్రుకలతో అంటిపెట్టుకుంటుంది, గరుకు చోట గోళ్లు దించుతుంది. జాలీ కన్నంలో దిగిన గోరు అవతలి తీగకు తగులుకుందంటే ఇక తేలిగ్గా ఊడి రాదు. సాలీడు తలకిందులుగా వేలాడుతూ గింజుకుంటుంది. కాలు తెగిపోతే తర్వాత విడిచే కుబుసాలతో మళ్లీ మొలుస్తుంది. కిందపడి పొట్ట చిట్లితే మాత్రం బతకడం కష్టం. ఆ పొట్ట తోలు అంత పల్చన! నేల మీద బతికే బరువైన జాతులకు ఈ గండం మరీ ఎక్కువ. పైగా కొన్ని టరంటులాలు దోమతెరలాంటి పల్చటి జాలీని కోరలతో కొరికి బయటపడతాయి.

ఎప్పుడైనా గోరు చిక్కుకుంటే కాలు పట్టి లాగకండి. కింద మెత్తటి గుడ్డ మడత పరిచి, చిక్కిన చోట చుట్టూ జాలీని మెల్లగా కత్తిరించండి. చేయి అడ్డం పెట్టొద్దు. గుత్తి సాలీడు కరిస్తే భరించలేని నొప్పి పుడుతుంది, రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి.

జాలీకి బదులు ఆక్రిలిక్ పలకకు డ్రిల్లుతో బెజ్జాలు వేస్తే చాలు. సాలీడు వీపు మీది గట్టి డొప్ప కన్నా బెజ్జం బాగా చిన్నదిగా ఉండాలి. పొట్ట నొక్కుకుని దూరిపోగలదు కాబట్టి పొట్ట కొలత లెక్కలోకి రాదు. పిల్ల సాలీడైతే సూదితో పొడిచినంత బెజ్జాలే పెట్టాలి. అంచుల గరుకును ఎమరీ పేపర్‌తో రుద్ది, పొడి కడిగేసి, ఆ తర్వాతే సాలీడును వదలాలి.

బెజ్జాలన్నీ మూతకే వేస్తే అడుగున గాలి కదలదు. ఒక గోడకు కింద, ఎదుటి గోడకు పైన వేయండి. వెచ్చని గాలి పైనుంచి పోతుంటే చల్లని గాలి కిందినుంచి వస్తుంది. టరంటులా పొట్ట అడుగున నాలుగు పుస్తకాకార ఊపిరితిత్తులు ఉంటాయి. పేరుకు తగ్గట్టు పుటల్లా పల్చటి పొరలు, వాటి సందుల్లోకి గాలి చేరుతుంది. దానికి కావలసిన ప్రాణవాయువు చాలా కొంచెం, కాబట్టి బెజ్జాల అసలు పని లోపలి చెమ్మను బయటికి పంపడం. చెమ్మ నిలిచిపోతే బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. అలాగని పెట్టె పూర్తిగా ఎండిపోయినా సాలీడు ఒంట్లో నీరు తగ్గిపోతుంది.

సాలీడును తేవడానికి ముందే ఖాళీ పెట్టెను పరీక్షించుకోవచ్చు. మట్టి పరిచి ఒక మూల నీళ్లు పోసి, సాయంత్రం మూసి ఉంచండి. పొద్దున గోడల నిండా నీటి బొట్లు కడితే మరికొన్ని బెజ్జాలు వేయాలి. మట్టంతా ఎండిపోతే కొన్నింటికి టేపు అంటించాలి. గోడలు పొడిగా ఉండి, ఆ మూల మట్టి వేలికి ఇంకా చల్లగా తగిలితే సాలీడును దించండి.